రామప్ప చూశాం, పాత డ్రైవ్ షాఫ్ట్ కొన్నాం

సొంత కారులో వరంగల్ వైపు వెళ్లేవాళ్లు బస హన్మకొండలో పెట్టుకుంటే మంచిది. లక్నవరంలో చెరువు మధ్య టూరిజం వాళ్ల కాటేజీలు బాగుంటాయి, వేలాడే వంతెన మీద పిల్లలకు పండగే, కానీ బండి మొరాయిస్తే అక్కడ చేసేదేమీ ఉండదు. మాకు పాలంపేటలోనే మొదలైంది. రామప్ప గుడి దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి తీస్తుంటే ముందు చక్రం దగ్గర టక్ టక్ టక్.

గుడికి మాత్రం వంక పెట్టలేం. 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గైడ్‌ని పెట్టుకోండి, లేకపోతే ఆ నల్లరాతి మదనికల ముందు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు, అంతే.

ములుగులో ఒక మెకానిక్ కింద దూరి చూసి, బూట్ చిరిగి గ్రీజంతా పోయింది, దుమ్ము చేరి బయటి సీవీ జాయింట్ అరిగింది, మెల్లగా పోతే హన్మకొండ చేరతారు అన్నాడు. గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ డ్రైవ్ షాఫ్ట్, దాని చివర వంగే కీలు సీవీ జాయింట్, దాని మీది రబ్బరు తొడుగు బూట్. చూసినందుకు రూపాయి తీసుకోలేదు.

హన్మకొండ బస్టాండు దగ్గర లాడ్జి ఫర్వాలేదు, దుప్పట్లు శుభ్రం, కానీ పార్కింగ్ ఉందన్నది బోర్డు మీదే. నక్కలగుట్ట వైపు హోటళ్లు కాస్త ఖరీదైనా బండి పెట్టుకోవడానికి చోటుంది, రాత్రి నిద్ర పడుతుంది.

ఇక అసలు సంగతి. కొత్త షాఫ్ట్ కావాలంటే ఆర్డర్ పెట్టాలి, నాలుగైదు రోజులు ఆగాలి అన్నారు. అందుకే పాతది వెతికాం. మాది 2012 స్విఫ్ట్ డీజిల్. ఒక స్క్రాప్ దుకాణంలో "ఇంజన్ ఒక్కటే కదన్నా, టాటా విస్టాది పెట్టుకో, ఏం కాదు" అన్నాడు. రెండింటిలోనూ ఫియట్ 1.3 డీజిల్ ఇంజనే, ఆ మాట నిజమే. కానీ షాఫ్ట్ వెళ్లి కూర్చునేది గేర్‌బాక్సులో, అది మారుతికి వేరు, టాటాకి వేరు. ఇంకో చోట స్విఫ్ట్‌దే చూపించారు గానీ పెట్రోల్ బండిది, అదీ సరిపోదు. పాత షాఫ్ట్ విప్పించి చేతిలో పట్టుకుని తిరగండి, కారు పేరు చెప్పి అడిగితే ఉన్నదేదో అంటగడతారు.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర పని జరిగింది. "తొందరెందుకు సార్, రెండూ పక్కపక్కన పెట్టి చూస్కోండి" అంటూ నేల మీద గోనెసంచి పరిచాడు. కుడివైపుది, ఎడమవైపుది పొడవు వేరు కాబట్టి ముందు అది కొలిచాం. రెండు చివర్లా పళ్లు లెక్కపెట్టాం, ఒక్క పన్ను తేడా వచ్చినా లోపలికి దూరదు. ఏబీఎస్ రింగు (బ్రేకు సెన్సర్ కోసం ఉండే పళ్ల రింగు) ఉందా, ఆయిల్ సీలు కూర్చునే చోట గీతలున్నాయా, చివర మరలు చెడిపోయాయా అన్నీ చూశాం. తర్వాత జాయింట్‌ని చేత్తో అన్ని వైపులా వంచి, తిప్పి చూడాలి, ఎక్కడైనా పట్టేసినట్టుంటే వద్దు. బూట్ పాతదైతే ఎలాగూ మార్చాలి, దాంతో బేరం ఆడొచ్చు.

రూ.3,500 చెప్పి రూ.2,600కి ఇచ్చాడు. శబ్దం వస్తే వారంలోపు తెచ్చిమ్మని చీటీ మీద రాసి సంతకం పెట్టాడు, మిగతా దుకాణాల్లో ఈ మాట అడిగితే నవ్వారు. బిగించే పని పక్క షెడ్డులో. షాఫ్ట్ తీస్తే గేర్ ఆయిల్ కారుతుంది కాబట్టి ఆయిల్, కొత్త సీలు, కొత్త యాక్సిల్ నట్టు, వీటి ఖర్చు ముందే అడగండి. ఈ చిల్లర ఖర్చులే మాకు ఇంకో పదమూడు వందలయ్యాయి, మజూరీ వేరే. అరిగిన షాఫ్ట్ పెద్దాయనకే వదిలేస్తే రూ.300 తగ్గించాడు.