పలకలు ఊడదీసే జైలఫోన్: పిల్లల మొదటి వాద్యంగా ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల మొదటి వాద్యం ఏదంటే చాలామంది కీబోర్డు అనేస్తారు. వరుసగా పేర్చిన పలకలను కర్రలతో కొట్టి వాయించే వాద్యం జైలఫోన్. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు మాత్రం పలకలు తీసిపెట్టుకునే ఆల్టో (మధ్యస్థాయి) జైలఫోనే మేలు. కీబోర్డులో అక్కర్లేని మెట్టును దాచలేం. ఇక్కడ అక్కర్లేని స్వరాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టేస్తాం, అంతే.

జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్, ఆయన సహోద్యోగి గునిల్డ్ కేట్‌మన్ కలిసి రూపుదిద్దిన బోధన పద్ధతికి ఇది ఆయువుపట్టు. 1924లో మ్యూనిక్‌లో మొదలైన గ్యుంతర్ షూలె అనే సంగీత, నృత్య పాఠశాలలో దానికి బీజం పడింది. 1948లో బవేరియా రేడియోలో పిల్లల కార్యక్రమాలు మొదలయ్యాక అది బడి పిల్లల దాకా వచ్చింది.

మామూలు సెట్టులో పాశ్చాత్య స్వరాల పేర్లతో సి నుంచి పై స్థాయి ఎ వరకు 13 పలకలు, విడిగా రెండు ఎఫ్ షార్ప్‌లు (ఎఫ్ కన్నా అర స్వరం పైవి), ఒక బి ఫ్లాట్ (బి కన్నా అర స్వరం కిందిది), మొత్తం 16 ఉంటాయి. సి ని షడ్జమం అనుకుంటే ఎఫ్, బి పలకలన్నీ తీసేయగానే మిగిలేది స రి గ ప ద, అంటే మోహన రాగం. వరుస స్వరాల మధ్య అర స్వరం దూరం ఎక్కడా లేదు కాబట్టి ఏ రెండు పలకలు కలిపి కొట్టినా చెవికి గుచ్చుకోదు. పక్కనున్న పిల్ల సి, జి పలకలను తంబురాలా తాళం మొదటి దెబ్బకు కలిపి మోగిస్తుంటే, ఈ పిల్లవాడు భయం లేకుండా సొంతంగా స్వరాలు అల్లుకోగలడు. ఈ వాద్యం అసలు విలువ అక్కడుంది.

మొదటి రోజే 13 పలకలూ పరిచేస్తే ఈ విలువంతా పోతుంది. జి, ఇ రెండే ఉంచి ప–గ పాడించాలి, తర్వాత అదే లయను తొడల మీద రెండు చేతులతో కొట్టించాలి, ఆ తర్వాతే కర్రలు చేతికివ్వాలి. చెయ్యి లయను ముందే పట్టుకుంటే పలక మీద తడబడదు. పాడటం కుదిరాక ఎ, ఆపైన డి, సి చేర్చాలి. ఎఫ్, బి తిరిగి పెడితే శంకరాభరణం. ఎఫ్ బదులు ఎఫ్ షార్ప్ పెడితే కల్యాణి, బి బదులు బి ఫ్లాట్ పెడితే హరికాంభోజి స్వరాలు. ఒక్క పలక మారితే రాగం మారిపోవడాన్ని పిల్లలు కళ్లతో చూస్తారు. ఎన్ని మాటలు చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

మాయామాళవగౌళ మాత్రం దీని మీద రాదు. శుద్ధ రిషభానికి, శుద్ధ ధైవతానికి పలకలు లేవు. ఆ రాగంలో నేర్పే సరళీ వరుసల కోసమే కొనేవాళ్లు దీని జోలికి పోవద్దు, లేదా మిగతా స్వరాల అదనపు పెట్టె దొరికే మోడలే తీసుకోవాలి. గమకం (స్వరాన్ని ఊపడం) అసలే పలకదు, దానికి గొంతే దారి.

కొనేముందు ప్రతి పలకనూ సరిగ్గా నడిమధ్యన కొట్టి, ఫోన్‌లో శ్రుతి చూపే ట్యూనర్ పెట్టుకుని చూడండి. తయారీదారును బట్టి కింది స్థాయి ఎ 440 హెర్ట్జ్ గానీ 442 గానీ ఉంటుంది, రెండూ తప్పు కాదు. అయితే ఒకే గదిలో రెండు రకాలు కలిపితే ఆ ఎ పలకలు సెకనుకు రెండుసార్లు ఊగుతున్నట్టు వినిపిస్తాయి. పిల్లల చెవి తయారవుతున్న వయసులో ఇది చిన్న దోషం కాదు. బొమ్మల దుకాణాల్లో దొరికే రంగుల జైలఫోన్లలో శ్రుతి తరచూ తప్పి ఉంటుంది, వాటితో పాడటం నేర్పకపోవడమే మంచిది.

పలక పొడవులో దాదాపు 22 శాతం దగ్గర, రెండు చివర్లా, కంపనం లేని చోట్లుంటాయి. పలకను అక్కడే పిన్నుల మీద ఆనిస్తారు. పిల్లలు ఆ చోట కొడితే ధ్వని చచ్చిపోతుంది, అది వాద్యం లోపం కాదు. మధ్యలో కొట్టినా మొద్దుగా మోగితే పలక పక్కదానికో పెట్టె అంచుకో తగులుతోందేమో చూడండి. గరగరమంటే పిన్ను మీది రబ్బరు తొడుగు అరిగిందని లెక్క. తొడుగు మారిస్తే సరిపోతుంది. పలక అడుగున మాత్రం ఎప్పుడూ గీకకండి, మధ్యలో చెక్క తగ్గితే స్వరం దిగిపోతుంది.

ఎక్కువగా పాడయ్యేది పలక తీసే పద్ధతి వల్లే. ఒక చివర పట్టి లాగితే పిన్ను వంగుతుంది, రంధ్రం వెడల్పవుతుంది. రెండు చివర్లూ పట్టుకుని నిట్టనిలువుగా ఎత్తడం మొదటి పాఠంలోనే అలవాటు చేయాలి.

కర్రల విషయంలో చాలా సెట్లు నిరాశపరుస్తాయి. చెక్క తల ఉన్నవి ఆల్టోకు పనికిరావు, టకటకమంటూ పలకకు నొక్కులు పెడతాయి. ఊలు చుట్టినవి గానీ ఫెల్ట్ తలవి గానీ విడిగా కొనాల్సి రావచ్చు. బొటనవేలు, చూపుడువేలి మధ్య కర్రను పట్టి మిగతా వేళ్లు వదులుగా చుట్టాలి. చూపుడువేలిని కర్ర మీద చాపితే కర్ర ఎగరదు, పలకను నొక్కేసి ధ్వనిని మింగేస్తుంది.

రోజ్‌వుడ్ పలకల ధ్వని వెచ్చగా, మెత్తగా ఉంటుంది, కానీ గాలిలో తేమ పెరిగితే శ్రుతి కదులుతుంది. ఫైబర్‌గ్లాస్ కాస్త గట్టిగా మోగినా తేమకు చెక్కలా లొంగదు. ఇరవై మంది పిల్లలు రోజూ వాడే తరగతికి ఫైబర్‌గ్లాసే తీసుకోండి. ఇంట్లో ఒకరిద్దరు పిల్లల కోసమైతే రోజ్‌వుడ్, ఎండ పడే కిటికీకి దూరంగా.