మాస్కోను పత్రికల్లో చదివిన ఊరు: రీగాలో ఐదు రోజులు

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ సోవియట్ రష్యాలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి అమెరికా తన మనుషులను మాస్కోలో కాక రీగాలో కూర్చోబెట్టింది. సోవియట్ ప్రభుత్వాన్ని వాషింగ్టన్ 1933 నవంబరు 16 వరకు గుర్తించలేదు కనుక మాస్కోలో దానికి రాయబార కార్యాలయం లేదు. 1922లోనే గుర్తించిన లాట్వియా రాజధాని రీగాలో మాత్రం లెగేషన్ (రాయబార కార్యాలయం కంటే ఒక మెట్టు కిందిదైన దౌత్య కార్యాలయం) ఉండేది, అందులో రష్యా వ్యవహారాలకే ప్రత్యేకించిన ఒక విభాగం ఉండేది. ఆ విభాగం గురించి ఏళ్లుగా చదువుతూ వచ్చిన నేను, జూన్ నెలలో హెల్సింకీలో పని ముగించుకుని ఐదు రోజులు రీగాలో గడిపాను. ఈ ఊరి అందాన్ని వర్ణించినవారు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ పని నేను చేయను. నూరేళ్ల కిందట ఇక్కడ కూర్చుని పొరుగు దేశం ఆనుపానులు పట్టినవారి పని ఈ చోటు చూస్తే కొంతైనా అర్థమవుతుందా అన్న ఒక్క ప్రశ్నతోనే ప్రతి చోటునూ తూచాను.

విమానాశ్రయం నుంచి 22వ నంబరు బస్సు నేరుగా ఊళ్లోకి తెస్తుంది. టాక్సీ అవసరం కనబడలేదు. మొదటి రెండు రాత్రులకు ఆల్బర్టా వీధికి దగ్గరలో ఒక అద్దె గది తీసుకున్నాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, తాళంచెవి పెట్టెకు ఇచ్చిన అంకెలు పని చేయలేదు, యజమాని ఫోను ఎత్తేసరికి రెండు గంటలు గడిచాయి. అయితే ఆ వీధిలో సగం కట్టడాలకు నమూనా గీసిన మిఖాయిల్ ఐసెన్‌స్టీన్, ప్రఖ్యాత సినిమా దర్శకుడు సెర్గేయ్ ఐసెన్‌స్టీన్ తండ్రి అని గుర్తుంచుకుని, ఆ కట్టడాల గోడలపై ఉన్న రాతి ముఖాలను చూస్తూ మెట్లపై కూర్చుంటే కోపం కొంత తగ్గింది. తర్వాతి మూడు రాత్రులు రైల్వే స్టేషను పక్కన ఒక మామూలు హోటలుకు మారాను. కిటికీ కింద ట్రాముల రొద తప్పదు గాని, గది శుభ్రంగా ఉంది, ఉదయపు ఫలహారం అద్దెలోనే కలిసి వచ్చింది, అన్నిటికీ మించి కావలసిన చోట్లన్నీ నడక దూరంలో ఉన్నాయి. మళ్లీ వెళ్తే నేరుగా అక్కడికే వెళ్తాను.

నా ప్రశ్నకు ఎక్కువ జవాబు దొరికింది దౌగవా నది అవతలి ఒడ్డున ఉన్న జాతీయ గ్రంథాలయంలో. గునార్ బిర్కెర్ట్స్ రూపొందించిన ఈ భవనం 2014లో తెరుచుకుంది. స్థానికులు దీన్ని వెలుగుకోట అంటారు. నా తెలివితక్కువతనం ఏమిటంటే, జూన్ 23, 24 తేదీలు లాట్వియాలో లీగో పండుగ సెలవులని చూసుకోకుండా సరిగ్గా ఆ రోజులకే గ్రంథాలయాన్ని పెట్టుకున్నాను. ఊరంతా పల్లెలకు తరలిపోయి, దుకాణాలు మూతపడి, నేను మూసిన తలుపుల ముందు నిలబడ్డాను. 25న పాస్‌పోర్టు చూపించి పాఠకుల కార్డు తీసుకున్నాక మాత్రం సిబ్బంది చేసిన సాయానికి వంక పెట్టలేను. నేను అడిగింది 'సెవోద్న్యా' అనే రష్యన్ దినపత్రిక, 1932 సంచికలు. 1919 నుంచి 1940 వరకు రీగాలో వెలువడిన ఈ పత్రిక, దేశం విడిచిన రష్యన్లు ఎక్కడున్నా చదివే పత్రిక. లాట్వియా పాత పత్రికలు చాలావరకు అంతర్జాలంలోనే దొరుకుతున్నప్పుడు అంత దూరం వెళ్లడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కానీ పొద్దంతా కూర్చుని నిన్నటి వార్తతో నేటి వార్తను సరిచూడడంలో ఉన్న విసుగు ఎలాంటిదో ఆ బల్ల ముందు కూర్చుంటేనే తెలిసింది.

లెగేషన్ రష్యా విభాగం పని ముఖ్యంగా ఆ విసుగే. సోవియట్ దినపత్రికలు ప్రావ్దా, ఇజ్వెస్తియా, ఆర్థిక పత్రికలు, చట్టాల ప్రచురణలు తెప్పించుకుని, ఒకదాని అంకెలను మరొకదానితో పోల్చి, రష్యా నుంచి బయటికి వచ్చిన ప్రయాణికులను, వలసవచ్చినవారిని ప్రశ్నించి, ఆ వడపోతలో తేలినదాన్ని వాషింగ్టన్‌కు నివేదికలుగా పంపేవారు. అక్కడ విదేశాంగశాఖలో తూర్పు యూరప్ విభాగాన్ని నడిపిన రాబర్ట్ కెల్లీ, రష్యన్ భాష నేర్చిన యువ అధికారులను ఇందుకోసమే తయారు చేయించాడు. వారిలో జార్జ్ కెన్నన్ బెర్లిన్‌లో భాష చదువుకుని వచ్చి 1931 నుంచి 1933 వరకు రీగాలో సోవియట్ ఆర్థిక వ్యవహారాలను పరిశీలించాడు. అతను గమనించిన ఒక చిక్కు నాకు చాలా ఆసక్తికరంగా అనిపించింది: ఆర్థిక గూఢచర్యం అన్న నేరానికి సోవియట్ చట్టం ఇచ్చిన నిర్వచనం ఎంత విశాలమంటే, మామూలు వ్యాపార సమాచారం అడిగిన విదేశీయుడిని కూడా అందులో ఇరికించవచ్చు. అంటే రీగాలో బల్ల దగ్గర కూర్చుని చేసిన పనిని మాస్కోలో చేస్తే నేరమయ్యే అవకాశం ఉంది. కెన్నన్ కంటే ముందు ఇక్కడ పనిచేసిన లాయ్ హెండర్సన్ లాట్వియా మహిళను పెళ్లి చేసుకున్నాడు. 1948 నుంచి 1951 వరకు ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్నది ఈయనే. నెహ్రూ విధానాలను ఆయన ఏ కళ్లజోడుతో చూశాడో ఊహించడానికి రీగా కొంత ఉపయోగపడుతుంది. ఈ ఊళ్లో తయారైనవారికి సోవియట్ల మీద ఉన్న గట్టి అపనమ్మకానికి చరిత్రకారులు రీగా సూత్రాలు అని పేరే పెట్టారు.

అయితే రీగాకు ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని దాచి రాయడం న్యాయం కాదు. సోవియట్ రహస్యాలు కొనేవారు ఇంతమంది ఒకచోట చేరాక, అమ్మేవారు పుట్టుకురాకుండా ఉంటారా? 1924లో బ్రిటన్ ఎన్నికలను కుదిపేసిన జినోవియెవ్ లేఖ (బ్రిటన్ కమ్యూనిస్టులను తిరుగుబాటుకు పురికొల్పుతూ సోవియట్ నేత జినోవియెవ్ రాసినట్టు చెప్పినది) బ్రిటిష్ గూఢచార సంస్థకు చేరింది దాని రీగా శాఖ నుంచే. అక్టోబరు 25న, పోలింగుకు నాలుగు రోజుల ముందు, అది డైలీ మెయిల్ పత్రికలో అచ్చయింది. నేడు దాన్ని నకిలీగానే లెక్కిస్తారు. లండన్ టైమ్స్ వంటి పత్రిక కూడా మాస్కోలో విలేకరి లేక రీగా నుంచే రష్యా వార్తలు రాయించుకున్న కాలమది. అచ్చులో అందరికీ దొరికే కాగితాన్ని ఓపికగా చదివినవారి నివేదికలు నిలబడ్డాయి, దొంగచాటుగా వచ్చిన కాగితం బోల్తా కొట్టించింది.

ఇక మ్యూజియంల సంగతి. పాత వర్తక సంఘానికి చెందిన బ్లాక్‌హెడ్స్ భవనంలో 1921 మార్చి 18న పోలండ్, సోవియట్ రష్యాల మధ్య రీగా శాంతి ఒప్పందం జరిగింది. ఇప్పుడున్నది 1941లో ధ్వంసమయ్యాక 1990లలో తిరిగి కట్టినది. టికెట్టు కొని లోపలికి వెళ్లాను గాని, బయట నుంచి చూసినా సరిపోయేది. పౌడర్ టవర్‌లోని యుద్ధ మ్యూజియం ఉచితం. స్వతంత్ర లాట్వియా తొలి ఏళ్లను అర్థం చేసుకోవడానికి అదే ముందు చూడాలి. ఆక్రమణ మ్యూజియం, సోవియట్ రహస్య పోలీసులు వాడిన కార్నర్ హౌస్ రెండూ మనసును కలచివేసే చోట్లే అయినా, వాటి కథ 1940లో మొదలవుతుంది. నేను వెతికిన కాలం అక్కడితో ముగుస్తుంది. ఆ ఏడాది లాట్వియాను సోవియట్ యూనియన్ కలిపేసుకోవడాన్ని గుర్తించబోమని జూలై 23న ప్రకటించిన అమెరికా అధికారి సమ్నర్ వెల్స్ పేరే నేటి అమెరికా రాయబార కార్యాలయం ముందున్న వీధికి పెట్టారు.

భోజనానికి ఎక్కువగా సెంట్రల్ మార్కెట్ మీద ఆధారపడ్డాను. జర్మన్ జెప్పెలిన్ గాలి ఓడల షెడ్ల ఇనుముతో 1924 నుంచి 1930 మధ్య కట్టిన ఐదు పెద్ద మండపాలివి. శాకాహారులు ఒక విషయం గమనించాలి: ఇక్కడి ప్రసిద్ధ వంటకం బూడిదరంగు బఠాణీలు మన శనగల గుగ్గిళ్లలా కనబడినా, అందులో పంది మాంసం కలుపుతారు. రై రొట్టె, పెరుగు, దోసకాయలు కొనుక్కుంటే ఒక పూట గడిచిపోతుంది. పండ్ల దుకాణం దగ్గర ఇద్దరు కుర్రాళ్లు తెలుగులో బేరం గురించి చర్చించుకుంటుంటే పలకరించాను; ఇక్కడ చదువుకుంటున్నవారట. పండుగకు తెరిచి ఉండే దుకాణం ఏదో వారే చెప్పారు.

చివరి రోజు దౌగవ్‌పిల్స్ వైపు వెళ్లే రైలెక్కి ఇక్ష్కిలెలో దిగాను. 1926 ఫిబ్రవరి 5న మాస్కో నుంచి రీగాకు దౌత్య సంచులు తెస్తున్న సోవియట్ కొరియర్ టియోడర్ నెట్టేను ఇక్ష్కిలె, సలస్పిల్స్ స్టేషన్ల మధ్య రైలుపెట్టెలోనే కాల్చి చంపారు. తోటి కొరియర్ గాయాలతో బయటపడ్డాడు, సంచులు మాత్రం దుండగులకు చిక్కలేదు. నాలాగే కిటికీ పక్కన కూర్చున్నవారికి ఆ దారిలో పైన్ చెట్లు, పెరటి తోటలు తప్ప ఏమీ కనబడవు. రైలు సమయానికి వచ్చింది, సీటు దొరికింది, టికెట్టు చవక. తిరుగు రైలు కోసం ఇక్ష్కిలె ప్లాట్‌ఫారం మీద చాలాసేపే కాచుకోవలసి వచ్చింది గనుక, వెళ్లేవారు రెండు వైపుల వేళలూ ముందే రాసుకుని, మార్కెట్టులో రొట్టె కొనుక్కుని బయలుదేరడం మంచిది. ఇదే దారిన పోయే మాస్కో రైలు 2020 మార్చిలో ఆగిపోయింది.