జాగ్రత్త: స్పెక్ట్రోమీటర్‌కి "తొమ్మిది రెట్ల సిగ్నల్" అంటూ అమ్మే 600 మైక్రాన్ల ఫైబర్లు

కాలేజీ ల్యాబ్‌లలో స్పెక్ట్రోమీటర్‌కి (వెలుగును రంగులుగా విడదీసి కొలిచే పరికరం) వెలుగు మోసుకొచ్చే ఫైబర్ కేబుళ్లు కొనేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. "200 మైక్రాన్ల కేబుల్ తీసేసి 600 వేయండి, వైశాల్యం తొమ్మిది రెట్లు, సిగ్నలూ తొమ్మిది రెట్లు" అని చెప్పి అంటగడుతున్నారు. ఆ అంకెలు కోర్ వ్యాసం, అంటే ఫైబర్‌లో వెలుగు నడిచే మధ్య భాగానిది. తీరా బిగించి చూస్తే కౌంట్లు (డిటెక్టర్ చూపే సిగ్నల్ అంకెలు) దాదాపు ఉన్నచోటే ఉంటాయి. బిల్లు పాసయ్యాక అడిగితే లోపం మీ స్పెక్ట్రోమీటర్‌దే అంటారు. అది నిజం కాదు.

లెక్క చూడండి. బల్ల మీద పెట్టుకునే చిన్న స్పెక్ట్రోమీటర్లలో 25 మైక్రాన్ల వెడల్పు, 1 మి.మీ. ఎత్తు ఉండే స్లిట్ (వెలుగు లోపలికి పోయే సన్నటి చీలిక) మామూలు. 200 మైక్రాన్ల గుండ్రటి కోర్‌ని దాని ముందు పెడితే, నడిమి పట్టీలోని వెలుగే లోపలికి పోతుంది, సుమారు 16 శాతం. 600 కోర్‌లో అదే పట్టీ 5 శాతం చిల్లర. కాబట్టి తొమ్మిది రెట్లు మోసుకొచ్చినా స్లిట్ దాటేది మూడు రెట్లే. అదీ పూర్తిగా దక్కదు. తోషిబా టీసీడీ1304, సోనీ ఐఎల్‌ఎక్స్511 లాంటి డిటెక్టర్లలో పిక్సెల్ ఎత్తు 200 మైక్రాన్లు. స్లిట్ బొమ్మ ఉన్న సైజులోనే పడే డిజైన్‌లో, 600 మైక్రాన్ల ఎత్తున వచ్చిన వెలుగులో మూడింట రెండొంతులు పిక్సెళ్ల పైనా కిందా పడి పోతుంది. డిటెక్టర్ ముందు సిలిండ్రికల్ లెన్స్ (ఎత్తునే కుదించే లెన్స్) ఉంటే అలా పోయేదాంట్లో కొంత మళ్లీ పిక్సెళ్ల మీదికి చేరుతుంది. మీ యూనిట్‌లో అది ఉందా లేదా అన్నది కేబుల్ ధరకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి.

కౌంట్లు పడిపోయే సందర్భం కూడా ఉంది. మీ వెలుగు లెన్స్‌తో 200 మైక్రాన్ల లోపు చుక్కగా కేంద్రీకరించినదైతే, లావు ఫైబర్ దాన్ని కోర్ అంతటా పరిచేస్తుంది. స్లిట్ ఎదుటికి వచ్చేసరికి అది పలచబడిపోతుంది.

ఇక కోణం సంగతి. 0.22 న్యూమరికల్ అపెర్చర్ (వెలుగు ఎంత కోణంలో విచ్చుకుంటుందో చెప్పే అంకె) ఉన్న సిలికా ఫైబర్ నుంచి వెలుగు దాదాపు ఎఫ్/2.3 శంకువుగా విచ్చుకుంటుంది. ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ శంకువు సన్నబడుతుంది. ఎఫ్/4 స్పెక్ట్రోమీటర్ అందులో 32 శాతమే పట్టుకోగలదు. చవకగా దొరికే లావు కేబుళ్లు చాలావరకు పాలిమర్ క్లాడింగ్‌తో (కోర్ చుట్టూ ఉండే పొర) 0.39 అపెర్చర్ ఉంటాయి, వాటిలో పనికొచ్చేది 10 శాతం. మిగతాది లోపలి గోడలకు తగిలి స్ట్రే లైట్‌గా (దారితప్పిన వెలుగు) తిరుగుతుంది. అది 1 శాతం ఉన్నా, 2 రావాల్సిన అబ్జార్బెన్స్ (నమూనా వెలుగును ఎంత పీల్చుకుందో చెప్పే కొలత) 1.7 దగ్గర ఆగిపోతుంది. తక్కువ సిగ్నల్ కంటికి కనిపిస్తుంది, ఈ తప్పు కనిపించదు. మాకు ఎక్కువ భయం దీనిదే.

దీనికి మందుగా లెన్స్ అడాప్టర్ ఒకటి అమ్ముతారు, మూడు రెట్లు లాభమని. కోణం కుదిస్తే బొమ్మ పెరుగుతుంది, ఏ లెన్సూ దీన్ని దాటలేదు. ఎఫ్/4కి సరిపెట్టేసరికి 200 మైక్రాన్ల కోర్ బొమ్మ 352 అవుతుంది. 200 ఎత్తు పిక్సెల్ మీద లెక్క కడితే ముందెంతో తర్వాతా అంతే. స్ట్రే లైట్ తగ్గుతుంది, అది మంచిదే, కానీ దానికి మూడు రెట్ల సిగ్నల్ అని పేరు పెట్టకూడదు. యాంటీ రిఫ్లెక్షన్ పూత విషయమూ ఇంతే. పూత లేని రెండు చివరల్లో కలిపి పోయేది 7 శాతం, అంతకు మించి ఆదా చేస్తామంటే నమ్మకండి.

నిజంగా ఫలితమిచ్చేది రౌండ్-టు-లీనియర్ బండిల్. ఒక చివర ఏడు సన్నటి ఫైబర్లు గుండ్రంగా, రెండో చివర ఒకే వరసలో ఉంటాయి. 105 మైక్రాన్ల కోర్లయితే ఒక్కోదాన్నుంచి 30 శాతం స్లిట్ దాటుతుంది. కాకపోతే క్లాడింగ్‌తో కలిపి ఒక్కోటి 125 కాబట్టి వరస ఎత్తు 875 మైక్రాన్లు, కాబట్టి సిలిండ్రికల్ లెన్సో ఎత్తైన పిక్సెళ్లో లేనిదే డబ్బు దండగ. పైగా ఎస్‌ఎంఏ 905 (ఈ కేబుళ్ల చివర ఉండే మరతో బిగించే కనెక్టర్) ఫెర్రూల్‌కి, అంటే ఫైబర్ కొనను పట్టుకునే గొట్టానికి, తిరగకుండా ఆపే గాడి ఉండదు. వరస స్లిట్‌కి అడ్డంగా తిరిగిపోతే మధ్య ఫైబర్ ఒక్కటే పనిచేస్తుంది. నట్ వదులుగా ఉంచి, కౌంట్లు చూస్తూ ఫెర్రూల్‌ని మెల్లగా తిప్పండి. గరిష్ఠం దగ్గర ఆపి వేళ్లతోనే బిగించండి, పానా వద్దు.

అతినీలలోహితంలో పనిచేసేవాళ్లు హై-ఓహెచ్ సిలికా (హైడ్రాక్సిల్ ఎక్కువున్న గాజు) అడగాలి. డ్యుటీరియం దీపంతో 230 నానోమీటర్ల లోపు కొలిచేటట్టయితే సోలరైజేషన్‌ని (అతినీలలోహితం వల్ల ఫైబర్ నల్లబడడం) తట్టుకునే రకమే కావాలి. మామూలుది 215 దగ్గర గంటగంటకూ నల్లబడుతుంది.

సరుకు రాగానే, చలానా మీద సంతకానికి ముందే పరీక్షించండి. జాకెట్ (కేబుల్ పైతొడుగు) మీద 62.5/125 (కోర్/క్లాడింగ్ మైక్రాన్లలో) అని ఉంటే అది టెలికాం ఫైబర్, వెనక్కి పంపేయండి. గది చీకటి చేసి, ఒక చివరని ప్రకాశవంతమైన హాలోజన్ దీపానికి ఆనించినంత దగ్గరగా పెట్టండి (లేజర్ పనికిరాదు, అది కోణమంతా నింపదు). రెండో చివర నుంచి 100 మి.మీ. దూరంలో తెల్ల కాగితం మీద పడ్డ వృత్తాన్ని కొలవండి. 45 మి.మీ. వ్యాసం వస్తే 0.22. 85 వస్తే 0.39. 115 దాకా వస్తే మీకిచ్చింది ప్లాస్టిక్ ఫైబర్. తర్వాత యూఎస్‌బీ మైక్రోస్కోప్‌తో చివరలు చూడండి. కోర్ మీద గీతలు, అంచు విరుగుడు, జిగురు పొర ఉండకూడదు. ఆఖరుగా పాత కేబుల్‌తో, కొత్తదానితో ఒకే ఇంటిగ్రేషన్ టైమ్‌లో (డిటెక్టర్ వెలుగు పోగేసే సమయం), 16-బిట్ యూనిట్ గరిష్ఠ కౌంటు 65,535లో 80 శాతం దాటకుండా స్పెక్ట్రమ్ తీసి పోల్చండి. ఒక్కసారి బిగించి తేల్చకండి, ఎస్‌ఎంఏ ప్రతిసారీ కాస్త అటూ ఇటూ కూర్చుంటుంది. ఐదుసార్లు విప్పి బిగించి సగటు చూడండి.

ఇండెంట్‌లో "ఫైబర్ కేబుల్, ఎస్‌ఎంఏ, 1 మీటరు" అని ఊరుకుంటే ఎల్‌1 (అందరికంటే తక్కువ కోట్ చేసినవారి) ధరకు ఏది తెచ్చిచ్చినా నిబంధన ప్రకారం సరైనదే అవుతుంది. కోర్, క్లాడింగ్ కొలతలు, క్లాడింగ్ సిలికానే అన్న షరతు, 0.22 అపెర్చర్, ఓహెచ్ రకం, పనిచేయాల్సిన తరంగదైర్ఘ్యాలు, పై పరీక్షల్లో తప్పితే సొంత ఖర్చుతో వెనక్కి తీసుకోవాలన్న మాట, ఇవన్నీ రాతలో ఉండాలి.