సూది లేకుండా షుగర్ చూపించే వాచీ కొనకండి, మా నాన్న ప్రాణం మీదికి వచ్చింది

ఫోన్ తెరిస్తే చాలు వస్తోంది కదా ఆ నల్ల వాచీ ప్రకటన. సూది లేదు, నొప్పి లేదు, రక్తం లేదు, చేతికి కట్టుకుంటే షుగర్ తెలిసిపోతుంది అంటూ తెల్లకోటు వేసుకున్న ఒకాయన నవ్వుతూ చూపిస్తాడు. అదే వాచీ. 3,499 రూపాయలు కట్టి మా నాన్నకి కొన్నాను. మొన్న మంగళవారం అది 126 అని చూపిస్తున్న టైములో మా నాన్న రక్తంలో ఉన్న షుగర్ 48. అక్షరాల్లో కూడా రాస్తున్నాను, నలభై ఎనిమిది.

మా నాన్న దర్జీ. తెనాలిలో చిన్న కొట్టు. షుగర్ వచ్చి పదకొండేళ్ళయింది. పొద్దున గ్లిమిపెరైడ్ అనే షుగర్ తగ్గించే మందు కలిసిన మాత్ర, రాత్రి ఇన్సులిన్. డాక్టరు వారానికి నాలుగైదు సార్లు వేలు గుచ్చి చూసుకోమన్నారు. గుచ్చుకోవడం అందరికీ ఇబ్బందే కానీ, మా నాన్నకి అన్నం పెట్టేది ఆ వేళ్ళే. హుక్కులు, కాజాలు ఇప్పటికీ చేత్తోనే కుడతాడు. ఒకసారి గుచ్చుకున్న వేలితో ఎవరిదో తెల్ల లైనింగ్ గుడ్డ పట్టుకుంటే చిన్న రక్తపు చుక్క అంటింది. ఎంత ఉతికినా పోలేదు. కొత్త గుడ్డ కొనిచ్చాడు. అప్పట్నుంచి గ్లూకోమీటర్ బయటికి తియ్యాలంటేనే విసుగు. అది చూసే నేను ఈ వాచీ కోసం వెతికాను. హైదరాబాదులో కూర్చుని ఫోన్లో చెయ్యగలిగింది అదొక్కటే అనిపించింది.

కొనే ముందు వాళ్ళ నంబరుకి ఫోన్ చేశాను. ఒక కుర్రాడు ఎంత మర్యాదగా మాట్లాడాడో! "మేడం, ఇక సూదితో పనే లేదు. లైట్ చర్మం లోపలికి వెళ్ళి షుగర్ చదువుతుంది. మా నాన్నగారికి కూడా ఇదే పెట్టాను మేడం, ఆయన గ్లూకోమీటర్ పక్కన పడేశారు" అన్నాడు. ఆ "మా నాన్నగారికి కూడా" అన్న మాట దగ్గరే నేను పడిపోయాను. డబ్బు కట్టేశాను.

వాచీ వచ్చాక యాప్ వయసు అడిగింది, బరువు అడిగింది, మామూలుగా షుగర్ ఎంత ఉంటుంది అని కూడా అడిగింది. 130 అని నేనే కొట్టాను. కొలిచే యంత్రానికి ముందే అంకె ఎందుకు చెప్పాలి? ఆ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. ఆ తర్వాత మూడు వారాలూ అది 112కి తగ్గలేదు, 134 దాటలేదు. వరలక్ష్మీ వ్రతం రోజు నాన్న రెండు బొబ్బట్లు తిన్నాడు. గంట తర్వాత 127. అమ్మ ఫోన్ చేసి "అమ్మాయ్, మీ నాన్నకి బాగా కంట్రోల్లోకి వచ్చిందే" అంటే నేనూ సంబరపడ్డాను. బొబ్బట్లు తిన్న పదకొండేళ్ళ షుగర్ మనిషికి 127 ఎలా వస్తుందని నాకు తట్టాలి. నా బుద్ధి ఏమైంది?

మంగళవారం సంగతి. శ్రావణమాసం పెళ్ళిళ్ళు, కొట్టు నిండా జాకెట్లు. పొద్దున మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిని వెళ్ళాడు. మధ్యాహ్నం రెండున్నర దాటినా అన్నానికి రాలేదు. అమ్మ క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి చొక్కా మొత్తం తడిసి ఉంది, ఫ్యాన్ కిందే కూర్చుని. సూదిలోకి దారం ఎక్కించబోతున్నాడు, ఎక్కట్లేదు. దారం కొస నోట్లో పెట్టుకుని తడుపుతున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు, చెయ్యి వణుకుతోంది. అమ్మ తినమంటే మణికట్టు చూపించాడట. "126 ఉంది. ఇప్పుడు తింటే పెరిగిపోద్ది. ఈ జాకెట్టు అయ్యాక తింటా."

ఒంట్లో షుగర్ పడిపోయి చెమటలు పడుతుంటే, వణుకుతుంటే, ఆకలి వేస్తుంటే, అవన్నీ పక్కన పెట్టి వాచీ మాట నమ్మాడు మనిషి. ఎందుకంటే కూతురు కొనిచ్చింది.

ఇంకో పది నిమిషాలకి మాట ముద్దగా వచ్చింది, స్టూలు మీద నుంచి పక్కకి ఒరిగాడు. పక్క కొట్టు అబ్బాయి బండేసుకుని వెళ్ళి బీరువాలో ఉన్న పాత గ్లూకోమీటర్ తెచ్చాడు. అమ్మ ఆ మీటర్ని దాచి ఉంచింది, అది మా అదృష్టం. గుచ్చితే 48. ఇంకా మింగగలుగుతున్నాడు కాబట్టి గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించారు. పావుగంట తర్వాత మళ్ళీ గుచ్చితే 71. ఆసుపత్రిలో డాక్టరు ఆ రాత్రంతా ఉంచేశారు, ఈ రకం మాత్ర వేసుకునేవాళ్ళకి ఒకసారి పడిపోయిన షుగర్ మళ్ళీ మళ్ళీ పడిపోవచ్చట. వాచీ చేతిలోకి తీసుకుని చూసి, "దీన్ని నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకున్నవాళ్ళు, మానేసినవాళ్ళు కూడా నా దగ్గరికి వస్తున్నారమ్మా" అన్నారు.

నేను బస్సెక్కి రాత్రికి చేరాను. నిద్ర పట్టక తెల్లవారుజామున ఇంటికొచ్చి వంటింట్లో ఉన్న సొరకాయకి ఆ వాచీ కట్టాను. ఆకుపచ్చ లైటు వెలిగింది, గిరగిరా తిరిగింది, 119 అని చూపించింది. వీడియో తీసి పెట్టుకున్నాను. సొరకాయకి 119! ఆ అంకెని నమ్మి నా తండ్రి అన్నం మానేశాడు.

వాళ్ళకి ఫోన్ చేశాను. అదే కుర్రాడు, గొంతు గుర్తుపట్టాను. జరిగింది చెప్తే ఒక్క నిమిషం కూడా వినలేదు. "మేడం, అది వెల్‌నెస్ ప్రొడక్ట్. వైద్యం కోసం కాదని బాక్స్ అడుగున రాసే ఉంది. చదువుకున్నవాళ్ళే కదా మీరు, చదువుకోవాలి కదా?" అన్నాడు. బాక్స్ తిప్పి చూశాను. నిజమే, బార్‌కోడ్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు రాని దర్జీ చేతికి కట్టే వాచీ మీద! రిటర్న్ ఏడు రోజులేనట, దాటిపోయిందట. అప్పుడు అడిగాను, "మీ నాన్నగారికి కూడా ఇదే పెట్టానన్నావు కదా బాబూ?" అని.

"అది అందరికీ చెప్పేదే మేడం" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో. నాకు ఏడుపు ఆగలేదు. డబ్బు పోయినందుకు కాదు. తండ్రి పేరు చెప్పి నాకు అంటగట్టాడు, నా తండ్రి చావుదాకా వెళ్ళి వచ్చాడని చెప్పినా "అయ్యో" అని ఒక్క మాట రాలేదు ఆ నోట. కాల్ కట్ చేసి నన్ను బ్లాక్ చేశాడు. పాత వాట్సాప్ మెసేజులు, డబ్బు కట్టిన రసీదు, సొరకాయ వీడియో అన్నీ ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌దాకా వెళ్తాను.

ఆసుపత్రి వరండాలో కూర్చుని వెతికితే ఐదు నిమిషాల్లో దొరికింది. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే స్మార్ట్ వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతే ఇవ్వలేదని, వాటిని వాడొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరి 21న హెచ్చరిక ఇచ్చింది. ఏ కంపెనీ పేరు మీద వచ్చినా అంతేనని చెప్పింది. ఆ ఐదు నిమిషాలు నేను డబ్బు కట్టక ముందు వెతకలేదు. వాచీల్లో ఉండే ఆకుపచ్చ లైటు నాడి కొట్టుకోవడం పసిగడుతుంది, షుగర్‌ని కాదు. అమెరికాలో 2001లో గ్లూకోవాచ్ అని ఒకటి నిజంగానే అనుమతి తెచ్చుకుంది. అది సన్నటి కరెంటుతో చర్మంలోంచి ద్రవం లాగి కొలిచేది. దానికీ ముందు వేలు గుచ్చి లెక్క సరిచూసుకోవాల్సి వచ్చేది, చర్మం మంట పుట్టేది. చివరికి మార్కెట్లోంచి పోయింది.

మరి గుచ్చుకోవడం తగ్గాలంటే దారే లేదా అని నాన్న డాక్టరుని అడిగాడు. ఉంది. చేతి వెనక అతికించే సెన్సర్, ఫ్రీస్టైల్ లిబ్రే లాంటివి. దానికీ వెంట్రుకంత సన్నటి తీగ చర్మం కిందికి వెళ్తుంది, అసలు గుచ్చకుండా కొలిచేది కాదు. అది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందుకని తిన్న వెంటనే, షుగర్ గబగబా పడిపోతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో ఒకలా ఉండి అంకె ఇంకోలా ఉంటే వేలు గుచ్చి చూడాల్సిందే. లిబ్రే ఒక్కోటి రెండు వారాలు వస్తుంది, వేలల్లో ఖర్చు. షుగర్ తక్కువైతే ఫోన్లో మోగే రకాలు ఉన్నాయి. ఆ సెన్సర్ అంకెని వాచీలో చూపించడం వేరు, వాచీయే కొలుస్తానని చెప్పడం వేరు, ఈ రెంటినీ కలిపి మోసం చేస్తున్నారు. మేము నెలకి ఒక్క సెన్సర్ పెట్టించి, మిగతా రెండు వారాలు గ్లూకోమీటర్ వాడదామని అనుకుంటున్నాం.

నర్సమ్మ ఇంకోటి చెప్పింది, ముందే తెలిసి ఉంటే ఈ వాచీ అవసరమే వచ్చేది కాదు. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చాలి, నొప్పి తక్కువ. సూది ప్రతిసారీ కొత్తది. చేతులు గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కుంటే చుక్క తేలిగ్గా వస్తుంది. నాన్న ఇప్పుడు ఎడమచేతి చిటికెన వేలు పక్కన గుచ్చుకుంటున్నాడు, కుట్టేటప్పుడు ఆ వేలు గుడ్డకి ఆనదు. పదకొండేళ్ళలో ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

వైద్యానికి వాడే ఏ పరికరం కొన్నా పెట్టె మీద లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. మా వాచీ పెట్టె మీద లేదు. చెమట, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వాచీ ఏం చూపిస్తోందో చూడకండి, గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే పంచదార నీళ్ళు పట్టి, పావుగంటకి మళ్ళీ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే ముందు పంచదారే ఇవ్వండి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ వాచీ మీ అమ్మానాన్నల చేతికి ఇప్పటికే కట్టి ఉంటే, రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడే ఫోన్ చేసి తీసెయ్యమనండి, బీరువాలో పెట్టిన మీటర్ బయటికి తియ్యమనండి, స్ట్రిప్పుల గడువు తేదీ చదివి చెప్పమనండి.