కింది గదులు అమ్మానాన్నలకు ఇల్లవుతాయా: ఒక సంస్థ సేవపై మా అనుభవం

విజయవాడలో మాది రెండంతస్తుల సొంత ఇల్లు. మేము పైన ఉంటాం. కింద ముందు గది, దాని వెనక సామాన్ల గది ఏళ్లుగా సగం ఖాళీగానే ఉండేవి. తెనాలి దగ్గరి మా ఊళ్లో ఉంటున్న నాన్నగారికి 79 ఏళ్లు నిండి, మోకాళ్లు అరిగిపోయి, పెరటి మెట్లు దిగడం కూడా కష్టమైనప్పుడు, ఈ గదులను అమ్మానాన్నల కోసం మార్చాలా, లేక ఊళ్లోని ఇంటినే సరిచేయించాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. పెద్దవాళ్ల అవసరాలకు తగ్గట్టు ఇళ్లను మార్చి ఇచ్చే ఒక సంస్థను ముందు సలహా కోసమే పిలిపించాం. వాళ్ల సలహా గురించి, తర్వాత చేసిన పని గురించి విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే రెండూ ఒక స్థాయివి కావు.

పరిశీలనకు 3,500 రూపాయలు తీసుకున్నారు. ఒక ఫిజియోథెరపిస్టు, ఒక సైటు ఇంజినీరు వచ్చారు. గదుల కొలతలు తీయకముందే ఫిజియోథెరపిస్టు "రాత్రిపూట లేచి బాత్‌రూమ్‌కు ఎలా వెళతారో ఒకసారి చూపించండి బాబాయిగారూ" అని అడిగి, కిటికీలు మూయించి, లైట్లు ఆర్పించి, నాన్నగారి పక్కనే నడిచారు. మంచం మీద నుంచి లేవబోయి ఆయన రెండుసార్లు వెనక్కి కూలబడి మూడోసారి లేచారు; దారిలో తలుపు రెక్కను, లోపలికి వెళ్లాక వాష్ బేసిన్ అంచును పట్టుకున్నారు. బేసిన్ మనిషి బరువు మోయడానికి పెట్టింది కాదని, ఏదో ఒకరోజు గోడ నుంచి ఊడి వస్తుందని ఆవిడ చెప్పేదాకా, మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు. ఆసరా లేకుండా ఆయన లేవగలిగిన కుర్చీని కొలిస్తే 18 అంగుళాల ఎత్తు వచ్చింది. మా కమోడ్ పదిహేనున్నర. "ఇవన్నీ ఎందుకురా, నేనేమన్నా మంచాన పడ్డానా" అని నాన్నగారు విసుక్కున్నారు గానీ, ఆ రెండున్నర అంగుళాల తేడా ఆయన మోకాళ్లకు ముందే తెలుసు.

మా నిర్ణయాన్ని తేల్చింది మాత్రం ఆవిడ అడిగిన మరో ప్రశ్న: "రాత్రి కింద ఇంకెవరు పడుకుంటారు?" గది ఎంత బాగా కట్టినా, వంట, భోజనాలు, మాటామంతీ అన్నీ పైనే సాగుతుంటే వాళ్లిద్దరూ సొంత కొడుకింట్లోనే వేరు కాపురం పెట్టినట్టవుతుంది, పడిపోయి పిలిచినా పైకి వినపడదు. ఊరి ఇంటిని సరిచేయిస్తే ఖర్చు తక్కువే, కానీ అక్కడ అర్ధరాత్రి పలికే మనిషి లేడు. అందుకే మా అబ్బాయి మంచాన్ని, మా భోజనాల బల్లను కిందికి దించడానికి ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టించాం. దీనికి సిద్ధంగా లేని కుటుంబం గది మార్చే ఖర్చు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

ప్లాను బాగా వేశారు. ఇంటి పునాది 18 అంగుళాల ఎత్తు. భవనాల్లో అందరూ ఇబ్బంది లేకుండా తిరగడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పే వాలు ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండడుగుల ర్యాంప్ కావాలి, అంటే మాకు 18 అడుగులు. వాకిట్లో ఉన్నవి పదకొండే. ఉన్న చోట్లోనే నిటారుగా పోసేసిన ర్యాంప్ దిగేటప్పుడు మెట్లకన్నా ప్రమాదం. వీళ్లు దాన్ని పక్క సందులోకి తిప్పి, మలుపు దగ్గర చదునైన చోటు వదిలారు. వీధి గుమ్మం గడప తీసేయాలని ఇంజినీరు అంటే, శుక్రవారం పసుపు రాసే గడపను తీయడానికి వీల్లేదని అమ్మ ఖండితంగా చెప్పింది. దాంతో ర్యాంప్‌ను పక్క గుమ్మానికి కలిపారు. బాత్‌రూమ్ తలుపు 900 మిల్లీమీటర్ల దారి ఉండేలా, బయటికి తెరుచుకునేలా మార్చారు. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడిపోయిన మనిషే దానికి అడ్డమై తెరవనివ్వడు.

పనివాళ్ల విషయంలో మాత్రం నాకు బాధే మిగిలింది. పట్టుకోవడానికి గోడకు బిగించే స్టీలు కమ్మీలను నాలుగున్నర అంగుళాల పలచటి గోడకు, స్క్రూల కోసం వేసే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులతో బిగించి వెళ్లిపోయారు. నాన్నగారు వాడకముందే నేను రెండు చేతులతో వేలాడి చూస్తే టైలు పగిలి, ఒక కొస స్క్రూలతో సహా బయటికి వచ్చింది. ఆయన చెయ్యి దానిమీద ఉండగా ఇది జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలలేదు. చివరి వాయిదా డబ్బు ఆపాకే వచ్చి, గోడకు అవతలి వైపు ఇనుప పలక వేసి, బోల్టులతో మళ్లీ బిగించారు. ఇటువంటి పని చేయించేవారు ప్రతి కమ్మీనీ తమ బరువుతో లాగి చూశాకే డబ్బు పూర్తిగా ఇవ్వాలి. 25 రోజులన్న పని 47 రోజులు పట్టింది, 3,80,000 అన్న ఖర్చు 4,60,000కు చేరింది.

నిరుడు విసుక్కున్న నాన్నగారే, పక్క గుమ్మం దగ్గర కూడా ఒక కమ్మీ కావాలని ఈ నెలలో అడిగారు. ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పడానికి ఆ ఫిజియోథెరపిస్టునే మళ్లీ పిలిపించాను, బిగించే పని మా మేస్త్రీకి అప్పగించాను.