మండల కబడ్డీ పోటీలు: నాకౌటా, లీగా, లీగ్ కమ్ నాకౌటా – ఏది మేలు?

స్కూల్ గేమ్స్ సీజన్ వచ్చిందంటే మండల స్థాయి నిర్వహణ బాధ్యత పడ్డ పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు) ఒకరినొకరు అడిగేది ఇదే. ఎనిమిది హైస్కూళ్లు, అండర్-17 బాలురు, చేతిలో ఒక్క రోజు. మ్యాచ్‌లు ఎలా వేయాలి?

ఒక్కసారి ఓడితే ఇంటికే అనే నాకౌట్ లెక్క తేలిక. జట్ల సంఖ్యలో ఒకటి తీసేస్తే మ్యాచ్‌ల సంఖ్య, ఎనిమిదికి 7. పదిహేనేసి నిమిషాల రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం, పైన టాస్, టైమౌట్లు, స్కోర్ షీట్ సంతకాలు కలిపి మ్యాచ్‌కు 45 నిమిషాలు పట్టుకోండి. మొత్తం 5 గంటల 15 నిమిషాలు. ఒక్క కోర్టు మీదే పొద్దుగూకకముందే అయిపోతుంది. మొదట ఓడిన పిల్లలు మధ్యాహ్నానికే ఇళ్లకు వెళ్లిపోవచ్చు. దూరపు ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే బాలికల జట్ల విషయంలో ఇది చిన్న సౌకర్యం కాదు.

చిక్కంతా డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే దగ్గర ఉంటుంది. 11 జట్లు వచ్చాయనుకుందాం. 4, 8, 16 అని రెట్టింపయ్యే వరుసలో పై సంఖ్య 16 కాబట్టి 5 బైలు, అంటే ఐదు జట్లు మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కు వెళ్తాయి. పై సగంలో 6 జట్లు, కింది సగంలో 5. మొదటి బై కింది సగం చివరి జట్టుకు, రెండోది పై సగం మొదటి జట్టుకు, మూడోది కింది సగం మొదటి జట్టుకు, నాలుగోది పై సగం చివరి జట్టుకు, ఐదోది కింది సగంలో చివరి నుంచి రెండో జట్టుకు. ఈ వరుస తప్పి, "వాళ్లు ఆలస్యంగా వస్తున్నారట" అని బై అటూ ఇటూ మార్చారంటే గొడవకు మీరే విత్తనం వేసినట్టు. నిరుటి విజేతనూ రన్నరప్‌నూ చెరో సగంలో పెట్టి, మిగతా చీటీలు కెప్టెన్ల చేతే తీయించాలి. లేదంటే రోజూ సాయంత్రం సాధన చేసే రెండు జట్లు మొదటి మ్యాచ్‌లోనే తలపడి, ఒకటి పది గంటలకల్లా సంచి సర్దుకుంటుంది. మండలం తరఫున డివిజన్ పోటీలకు వెళ్లే 12 మందిని ఎంపిక చేసేది ఈ ఆట చూసే కదా. ఎనిమిదిలో నాలుగు జట్ల పిల్లలకు తమ ఆట చూపించుకోవడానికి దొరికేది అరగంట మాత్రమే.

ప్రతి జట్టూ మిగతా అన్నింటితో ఆడే పూర్తి లీగ్ న్యాయమైనదే, కానీ ఎనిమిది జట్లకు 28 మ్యాచ్‌లు. అంటే 21 గంటల ఆట. రెండు కోర్టులున్నా ఒక్క రోజులో పట్టదు. నాలుగైదు జట్లే వచ్చే విభాగాలకు మాత్రం, ముఖ్యంగా కొన్ని మండలాల్లో బాలికలకు, లీగే సరైనది. నాలుగింటికి 6 మ్యాచ్‌లు, ఐదింటికి 10. నాలుగు జట్లు ఒకే కోర్టు మీద ఆడితే రౌండ్ మారిన ప్రతిసారీ ఏదో ఒక జట్టు వెంటవెంటనే రెండు మ్యాచ్‌లు ఆడక తప్పదు. ఎలా తిప్పి రాసినా అంతే. కాబట్టి రౌండ్ల మధ్య 20 నిమిషాల విరామం షెడ్యూల్‌లోనే రాసుకోండి. ప్రతి జట్టుతో రెండేసి సార్లు ఆడే డబుల్ లీగ్ మండల స్థాయికి పనికిరాదు. ఓడినవాళ్లకు విడిగా లూజర్స్ రౌండ్ పెట్టవచ్చు గానీ, దాన్ని ఎంపిక కమిటీ కూర్చుని చూడకపోతే ఆ శ్రమంతా వృథా.

ఇక అసలు విషయం. ఫిక్స్చర్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ మ్యాచ్‌లు, గంటలు లెక్కపెడతారు. విజిల్ ఎవరి చేతిలో ఉంటుందో లెక్కపెట్టరు. నా దృష్టిలో పద్ధతిని తేల్చాల్సింది అదే.

కబడ్డీ మ్యాచ్‌కు రిఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరర్, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు కలిపి ఆరుగురు కావాలి. మండలంలో నిబంధనలు తెలిసినవాళ్లంటే దాదాపుగా జట్లను తీసుకొచ్చిన పీఈటీలే. అదనపు పాయింటు కోసం బోనస్ గీత దాటినప్పుడు వెనక కాలు గాల్లో ఉందా, డిఫెండర్లు ఆరుగురికి తగ్గలేదు కదా, పట్టు పడినప్పుడు కూత తెగిందా, స్ట్రగుల్ (పెనుగులాట) కంటే ముందే కోర్టు పక్క పట్టీ అయిన లాబీలోకి అడుగు పడిందా – ఇవన్నీ రెప్పపాటులో చెప్పాల్సిన తీర్పులు. వీడియో ఉండదు. తీర్పు చెప్పేవాడికి ఆ మ్యాచ్‌తో సంబంధం లేకపోవడమే అక్కడున్న ఏకైక భరోసా.

నాకౌట్‌లో ఈ భరోసా గంట గంటకూ కరిగిపోతుంది. ఓడిన జట్టుతో దాని పీఈటీ కూడా వెళ్లిపోతాడు; పిల్లలను ఇల్లు చేర్చే బాధ్యత ఆయనదే. ఉదయం ఎనిమిది మంది ఉంటే సెమీస్‌కు నలుగురు మిగులుతారు, ఆ నలుగురి జట్లూ ఆడుతూనే ఉంటాయి. అంటే అతి ముఖ్యమైన మ్యాచ్‌లకే తటస్థ అంపైర్లు కరువు. సెమీస్‌లో గొడవలు ఎక్కువ కావడానికి పిల్లల ఆవేశం ఒక్కటే కారణం కాదు.

ముందు గ్రూపుల్లో లీగ్, తర్వాత గ్రూపుకు మొదటి రెండు జట్లతో నాకౌట్ – అదే లీగ్ కమ్ నాకౌట్. ఇందులో ఎనిమిది జట్లను ఎ, బి గ్రూపులుగా నాలుగేసి చేయండి. గ్రూపుకు 6 చొప్పున 12 మ్యాచ్‌లు, రెండు సెమీస్, ఒక ఫైనల్, మొత్తం 15. రెండు కోర్టులు తప్పనిసరి. గ్రూపు మ్యాచ్‌లను 10-5-10కి (పదేసి నిమిషాల సగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం) తగ్గించి, మొత్తం అరగంటలో ముగించాలి. ఈ తగ్గింపును ముందురోజు పీఈటీల సమావేశంలోనే ఒప్పుకుని, రాసి సంతకాలు పెట్టించాలి. మొదటి అరగంట రెండు కోర్టుల్లోనూ ఎ గ్రూపే ఆడుతుంది, బి గ్రూపు పీఈటీలు నలుగురూ కోర్టుకు ఇద్దరు చొప్పున రిఫరీగా, అంపైర్‌గా నిలబడతారు. తర్వాతి అరగంట తారుమారు. రెండో అంపైర్‌గా ఊళ్లోని సీనియర్ కబడ్డీ ఆటగాడిని పెట్టుకోవచ్చు. స్కోర్ షీట్లకు ఆతిథ్య పాఠశాల టీచర్లు చాలు. ఏ పీఈటీ కూడా తన గ్రూపు మ్యాచ్‌కు విజిల్ పట్టడు, ఏ జట్టూ వరుసగా రెండు ఆడదు. పైగా గ్రూపు ఆఖరి రౌండ్ రెండు మ్యాచ్‌లూ ఒకేసారి జరుగుతాయి గనుక పక్క ఫలితం చూసి ఆట నెమ్మదించే వీలుండదు. తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పన్నెండున్నరకు గ్రూపులు పూర్తి. భోజనం తర్వాత ఒంటిగంటన్నరకు 15-5-15 సెమీస్, మూడింటికి ఫైనల్. రెండు సెమీస్‌నూ ఒకేసారి ఆడించి, గ్రూపుల్లో ఓడిన నలుగురు పీఈటీలను అప్పటిదాకా ఉంచుకోవాలి.

వయసు ధ్రువపత్రం మీద ఫిర్యాదు వచ్చినా ఈ పద్ధతే తట్టుకుంటుంది. అనర్హుడైన ఆటగాడు మధ్యాహ్నం బయటపడితే నాకౌట్‌లో వాళ్లు ఓడించిన జట్టు అప్పటికే ఇంటిదారి పట్టి ఉంటుంది. గ్రూపులో అయితే ఆ జట్టు ఫలితాలన్నీ కొట్టేసి, మిగతా మూడింటి మధ్య లెక్క చూస్తే సరిపోతుంది.

లోపమూ ఉంది: పాయింట్ల సమానత్వం. గెలుపుకు 2, టైకి 1 ఇస్తే మూడు జట్లు నాలుగేసి పాయింట్లతో నిలవడం మామూలే. రెండు జట్లయితే వాళ్ల మధ్య మ్యాచ్ ఫలితం చూడాలి. మూడయితే స్కోరు తేడా చూడాలి, కానీ ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లదే. అన్ని మ్యాచ్‌ల తేడా కలిపితే బలహీన జట్టు మీద లోనాల మీద లోనాలు (జట్టు మొత్తాన్ని ఔట్ చేస్తే వచ్చే అదనపు పాయింట్లు) వేసినవాడికి లాభం. సెమీస్ టై అయితే మామూలు నియమమే: చెరో ఐదు కూతలు, అప్పటికీ తేలకపోతే ఫలితం తేల్చే గోల్డెన్ రైడ్.

ఒకే కోర్టు ఉంటే ఈ 15 మ్యాచ్‌లకు భోజన విరామం కాకుండానే 8 గంటల 15 నిమిషాలు పడుతుంది. రెండో రోజు దొరకకపోతే నాకౌటే వేయండి. అయితే జట్టుకు పీఈటీతో పాటు మరో టీచర్ రావాలని ప్రధానోపాధ్యాయులకు పంపే సర్క్యులర్‌లోనే రాయండి. ఓడిన పిల్లలను ఆ టీచర్ తీసుకెళ్తారు, పీఈటీ ఫైనల్ దాకా మైదానంలో ఉంటారు.