లసోటా చుక్కల మందు: ఏడాది వాడాక నా మాట

మాది ఆచంట దగ్గర పల్లె అండి. దొడ్లో ముప్పై దాకా నాటుకోళ్ళు, ఆరు బాతులు, రెండు టర్కీ కోళ్ళు, నాలుగు గిన్నెకోళ్ళు, చూరు కింద పావురాలు, అన్నీ కలిసే తిరుగుతాయి. కోళ్ళకొచ్చే కొక్కెర తెగులుకి (రాణీఖెత్ అంటారు) వేసే లసోటా చుక్కల మందు ఏడాదిగా వాడుతున్నా, నాలా రకరకాల పక్షులు పెంచుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పోయినేడు జరిగింది చెప్పాలి. సార్వా కోతలయ్యాక ఓ పెట్ట రెక్కలు దించేసి గంప పక్కన కునుకుతూ కూర్చుంది, తెల్లారి చూస్తే అరుగంతా పచ్చటి రెట్ట. మూడోరోజుకి ఎర్రపెట్టకి మెడ మెలితిరిగిపోయింది. నూకలు వేస్తే గింజ మీదకి ముక్కు దించుతుంది, ముక్కు వెళ్ళి పక్కన మట్టిలో పడుతుంది, మళ్ళీ పొడుస్తుంది, మళ్ళీ మట్టే, ఒక్క గింజ నోటికి అందలేదు. మా అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గంజి పోసింది, రెండ్రోజులే బతికింది. వారంలో ఇరవై రెండు కోళ్ళు పోయాయండి. టర్కీలు మేత మానేసి గురగురమన్నాయి గానీ తేరుకున్నాయి, గిన్నెకోళ్ళలో ఒకటి పోయింది, రెండు పావురాలు తల వణికిస్తూ ఉన్నచోటే గుండ్రంగా తిరిగాయి. బాతులకి మాత్రం ఏమీ లేదు, కాలవలో మామూలుగానే ఈదుతున్నాయి, మేతా తగ్గలేదు.

బాతులకి రాలేదు కదా అని వాటిని కోళ్ళతోనే వదిలేశాను, అది పెద్ద తప్పని పశువుల డాక్టరుగారు చెప్పాకే తెలిసింది. వైరస్ ఒకటే అయినా కోళ్ళని ఊడ్చేస్తుంది, టర్కీలకి సాధారణంగా అంత తీవ్రంగా ఉండదు, బాతులకీ పెద్దబాతులకీ చాలాసార్లు పైకేమీ కనపడదు కానీ లోపల వైరస్ ఉంటే రెట్టలో వదులుతూనే ఉంటాయట. అలాగని వాటికి ఎప్పుడూ ఏమీ కాదనుకోకూడదు, చైనాలో 1997 నుంచి ఇదే తెగులుతో పెద్దబాతులు కూడా చచ్చిపోయాయి. పావురాల్లో తిరిగేది ఇదే వైరస్‌లో ఇంకో రకం, మెడ తిరగడం వణకడం దాంట్లో ఎక్కువ, అది కోళ్ళకీ అంటగలదు.

అసలు పోయినేడు కూడా నేను మందు వేశానండి, అదే నా బాధ. టౌన్లో ఒక షాపాయన అలమారలోంచి తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు, ఫ్రిజ్‌లోంచి కాదు. నాకప్పుడు తెలీదు. ఇది బలం తక్కువున్న రకం వైరస్‌ని బతికుండగానే పెట్టి చేసిన మందు, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, లేకపోతే సీసా మీద డేటు ఎంత బాగున్నా లోపల మందు చచ్చినట్టే. ఇప్పుడు వేరే షాపులో కొంటున్నా, వాళ్ళు నా కళ్ళ ముందే ఫ్రిజ్‌లోంచి తీస్తారు, నేను ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కు పట్టుకెళ్తాను.

వాడకం తేలికే. చిన్న సీసాలో అడుగున తెల్లగా బిళ్ళలా ఉంటుంది, కలిపే నీళ్ళు వేరే సీసాలో ఇస్తారు. కలిపాక కోడిపిల్లని చేతిలో పడుకోబెట్టి ఒక కంట్లో ఒక్క చుక్క, అది రెప్ప వేసి చుక్క లోపలికి ఇంకేదాకా వదలకూడదు, తొందరపడి వదిలితే తల విదిలించేస్తుంది, డోసు నేలపాలు. మా డాక్టరుగారి లెక్క 7వ రోజు ఒకసారి, 28వ రోజు ఇంకోసారి, ఎనిమిది వారాలకి రెక్క కింద ఇదే తెగులుకి వేసే ఆర్‌టూబీ టీకా ఇంజెక్షను. ఆ ఇంజెక్షను చిన్న కోడిపిల్లలకి వెయ్యకూడదు, మందు గట్టిది. చుక్కలు వేశాక ఒకట్రెండు రోజులు తుమ్ముతాయి, కంగారు పడక్కర్లేదు. వేసేవాళ్ళు చేతులు కడుక్కోవాలి, నేను కన్ను నలుపుకుంటే రెండ్రోజులు ఎర్రబడింది.

ఇది బర్డ్ ఫ్లూకి పనిచెయ్యదండి. 2025 ఫిబ్రవరిలో మన వేల్పూరు, కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చినప్పుడు మా ఊళ్ళో చాలామంది ఈ చుక్కల కోసమే పరిగెత్తారు. రెండు జబ్బులూ పైకి చాలావరకు ఒకేలా ఉంటాయి, గబగబా చచ్చిపోతుంటే మనం ఊహించుకోకుండా ఆసుపత్రిలో చెప్పాలి, కళేబరాన్ని కాలవలో అస్సలు పారెయ్యకూడదు. బాతుల ప్లేగు కూడా వేరే జబ్బు, దానికి వేరే టీకా ఉంది.

ఈ దాళ్వా కోతలప్పుడు పక్క వీధిలో కొక్కెర వచ్చింది, మా దొడ్లో ఒక్కటి కూడా తూగలేదు. మందుతో పాటు బాతులకి వల కట్టి వేరే నీళ్ళతొట్టి పెట్టాను, ఎంత మందు వల్లో ఎంత వల వల్లో విడదీసి చెప్పలేను గానీ రెండూ మానను. ధర ఒక నాటుకోడి ఖరీదు కూడా ఉండదు. 5కి 4 ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే మా దగ్గర దొరికే చిన్న సీసానే 100 డోసులు, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, ఇంటి దొడ్లో పన్నెండు పిల్లలుంటే మిగతాదంతా మరగబెట్టి పారబొయ్యడమే. అందుకే ఇప్పుడు మా వీధిలో ఆరిళ్ళవాళ్ళం ఒకే రోజు పెట్టుకుంటున్నాం, ఈ ఆదివారం పొద్దున్నే ఏడింటికి సీసా విప్పుతాం, ఎండ రాకముందే పిల్లల్ని గంపల్లో తెచ్చేసుకోమని అందరికీ చెప్పాను.